రెండు కళ్ళూ ఒకే పక్కనున్న చేప

గోదావరి ఒడ్డున ఉండే మనకు చేపలు కొత్త కాదు. బొచ్చె తెలుసు. వాలుగ తెలుసు. కొర్రమట్ట తెలుసు. వీటికి తలకు ఆ పక్క ఒక కన్ను, ఈ పక్క ఒక కన్ను ఉంటాయి. మరి రెండు కళ్ళూ ఒకే పక్కనున్న చేపను ఎప్పుడైనా చూశారా?

అలాంటి చేపలు సముద్రంలో ఉన్నాయి. మన విశాఖపట్నం, కాకినాడ వైపు కూడా వలలో పడతాయి. చిన్నవిగా, నాలుకలాగా పలచగా ఉంటాయి. ఈ రకం చేపల్లో చాలా పెద్దది ఒకటి ఉంది. దాని పేరు హాలిబట్. అది మన దగ్గర బతకదు. దానికి చల్లటి నీళ్ళు కావాలి. అమెరికా, కెనడా దేశాలకు పడమటి వైపున్న పసిఫిక్ సముద్రంలో ఉంటుంది. అక్కడ అడుగున నీళ్ళు ఫ్రిజ్‌లో పెట్టిన నీళ్ళంత చల్లగా ఉంటాయి.

కన్ను ఎలా జరుగుతుంది?

హాలిబట్ పిల్ల పుట్టినప్పుడు మామూలు చేపలాగే ఉంటుంది. అటొక కన్ను, ఇటొక కన్ను. నీళ్ళలో తేలుతూ తిరుగుతుంది. పెరిగేకొద్దీ ఎడమ కన్ను మెల్లగా తల మీదుగా కుడి పక్కకు జరుగుతుంది. సుమారు ఆరు నెలలకు పిల్ల సముద్రం అడుగుకు చేరి, పక్కకు ఒరిగి పడుకుంటుంది. పై వైపు మట్టి రంగు. కింది వైపు తెలుపు. ఇసుకలో పడుకుంటే కనపడదు. దగ్గరకు వచ్చిన చేపను, పీతను గబుక్కున మింగేస్తుంది.

ఇది ఎనిమిది అడుగుల పొడవు, రెండు క్వింటాళ్ళకు పైగా బరువు పెరగగలదు. అంత పెద్దవి ఆడ చేపలే. యాభై ఏళ్ళు దాటి బతికినవి కూడా ఉన్నాయి.

తొందరపడితే ఏమవుతుంది?

మన బొచ్చె రెండేళ్ళకే గుడ్లు పెట్టే వయసుకు వస్తుంది. ఆడ హాలిబట్‌కు సుమారు పన్నెండేళ్ళు పడుతుంది. చలికాలంలో లోతు నీళ్ళలో లక్షల కొద్దీ గుడ్లు పెడుతుంది. ఆ వయసు రాకముందే పట్టేస్తే దాని సంతానం ఉండదు.

వెనుక జరిగింది అదే. పడవలు పెరిగాయి. వేట పెరిగింది. చేప తగ్గింది. అప్పుడు 1923లో అమెరికా, కెనడా దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. చలికాలంలో మూడు నెలలు వేట ఆపాలన్నాయి. అది ఒక్కటే చాలలేదు. 1932 నుంచి ఏడాదికి ఇంతే పట్టాలని లెక్క పెట్టాయి. రెండు దేశాలు కలిసి పెట్టుకున్న ఆ సంఘం ఇప్పటికీ పని చేస్తూనే ఉంది.

మన సంగతి ఏమిటి?

మన కోస్తా సముద్రంలో కూడా ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మర పడవల వేట ఆపుతారు. చేపలు గుడ్లు పెట్టుకోవాలనే ఈ కట్టడి.

మన గోదావరిలో, కిన్నెరసానిలో, తాలిపేరులో చేపలు వానాకాలంలో గుడ్లు పెడతాయి. తొలి వరదకు ఎదురెక్కి వస్తాయి. అప్పుడు వాటిని పట్టడం తేలిక. కానీ గుడ్ల చేపను పట్టామంటే వచ్చే ఏటి చేపలను కూడా ఇప్పుడే పట్టినట్టు. తూటాలు పేల్చినా, నీళ్ళలో విషం కలిపినా చిన్న పిల్లలతో సహా అన్నీ చస్తాయి. ఈ రెండు పనులు నేరమని 1897లోనే చట్టం చెప్పింది.

విత్తనాల వడ్లు వండుకు తినే రైతు ఉంటాడా? గుడ్ల చేప కూడా విత్తనమే. దాన్ని నీళ్ళలో వదిలేద్దాం. సన్న కన్ను వలలు వేయకుండా పిల్లలను పెరగనిద్దాం.

చదివి చెప్పండి

1. హాలిబట్ కళ్ళు ఒకే పక్కకు ఎలా వస్తాయి?
2. బొచ్చె ఎన్నేళ్ళకు గుడ్లు పెడుతుంది? హాలిబట్ ఎన్నేళ్ళకు?
3. మీ వాగులో ముందు దొరికి, ఇప్పుడు దొరకని చేపలు ఏవి? ఊళ్ళో పెద్దవాళ్ళను అడిగి, వాటి పేర్లు రాయండి.