ఎండిన నేలలో నవ్వుల ఊట

పాఠ్యభాగ ఉద్దేశం: అసంబద్ధంగా కనిపించే హాస్యంలోని అంతరార్థాన్ని గ్రహింపజేయడం, చలనచిత్రాన్ని వివేకంతో చూసే దృష్టిని విద్యార్థులలో పెంపొందించడం.

నవ్వు మానవునికి ప్రకృతి ప్రసాదించిన వరం. అయితే ఆకలితో అలమటించేవానికి నవ్వుతో పని ఏమిటనే ప్రశ్న ఎంతోకాలంగా ఉన్నదే. వాన కోసం ఆకాశంవైపు చూసి అలసిన కళ్లకు, అదే ఆకాశంలో మనుషులు ఎగిరిపోయే కథ ఏ మేలు చేస్తుంది? ఈ ప్రశ్నకు సమాధానం వెదకాలంటే 1952లో బొంబాయిలో జరిగిన ఒక ఉత్సవాన్నీ, కరవుసీమ అయిన అనంతపురాన్నీ ఒకచోట చేర్చి చూడాలి.

అనంతపురం పీఠభూమి పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉంది. నైరుతి ఋతుపవనాలు కనుమలు దాటేసరికే తమ తేమను చాలావరకు కోల్పోతాయి. తూర్పు తీరం దూరం కావడంచేత ఈశాన్య ఋతుపవనాల వాన కూడా అంతంతమాత్రమే. సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ అదనులో కురిస్తేనే వేరుశనగ రైతుకు నాలుగు గింజలు దక్కుతాయి. ఇక్కడి పెన్నానది సంవత్సరంలో అధికభాగం ఇసుకమేటగానే కనిపిస్తుంది. ఆ నది ఒడ్డున తాడిపత్రి పట్టణంలో బుగ్గ రామలింగేశ్వరాలయం ఉంది. బుగ్గ అంటే నీటి ఊట. ఎండిన ఏటి గట్టున వెలసిన దేవునికి ఊట పేరు పెట్టి పిలుచుకోవడంలోనే ఈ సీమవాసుల ఆశ వ్యక్తమవుతుంది.

తాడిపత్రి ప్రాంతంలోనే 1912లో కదిరి వెంకటరెడ్డి జన్మించారు. కె.వి.రెడ్డిగా ప్రసిద్ధుడైన ఆయన 'భక్త పోతన'తో దర్శకుడై, 'యోగి వేమన' (1947), 'గుణసుందరి కథ' (1949) వంటి చిత్రాలను రూపొందించారు. విజయా సంస్థ కోసం ఆయన దర్శకత్వం వహించిన 'పాతాళభైరవి' 1951లో విడుదలై అఖండ విజయం సాధించింది. పింగళి నాగేంద్రరావు రచన, ఘంటసాల సంగీతం, మార్కస్ బార్‌ట్లే ఛాయాగ్రహణం ఆ చిత్రానికి వన్నె తెచ్చాయి.

మరుసటి సంవత్సరం భారతదేశంలో మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవం జరిగింది. కేంద్రప్రభుత్వ ఫిలిమ్స్ డివిజన్ దానిని నిర్వహించింది. 1952 జనవరి 24న బొంబాయిలో ప్రారంభమై, తరువాత మద్రాసు, ఢిల్లీ, కలకత్తా నగరాలకు సాగింది. ఇరవైమూడు దేశాలు పాల్గొన్నాయి. భారతదేశం తరఫున హిందీ 'ఆవారా', మరాఠీ 'అమర్ భూపాళీ', బెంగాలీ 'బాబ్లా'లతోపాటు తెలుగు 'పాతాళభైరవి' ప్రదర్శితమైంది. ఇటలీ నుండి వచ్చిన చిత్రాలలో విట్టోరియో డి సికా దర్శకత్వం వహించిన 'బైసికిల్ థీవ్స్', 'మిరకిల్ ఇన్ మిలాన్' ఉన్నాయి. మొదటిది కన్నీటి కథ. రెండవది మాత్రం తర్కానికి అందని వింత నవ్వుల కథ. 1951లో కాన్ చలనచిత్రోత్సవపు అత్యున్నత బహుమతిని అది మరొక చిత్రంతో కలిసి పంచుకొంది.

ఆ కథ విచిత్రమైనది. ఒక వృద్ధురాలికి క్యాబేజీ మడిలో పసిబిడ్డ దొరుకుతాడు. పెరిగి పెద్దవాడైన ఆ టోటో, ఊరి వెలుపల నిలువ నీడలేని బీదలను చేరదీసి గుడిసెల వాడ కట్టిస్తాడు. చలికి వణికే ఆ బీదలు మబ్బుల సందున జారిన ఎండ ఎక్కడ పడితే అక్కడికి గుంపుగా పరుగెత్తి, ఒకరినొకరు ఒరుసుకొని నిలబడతారు. అక్కడ ఎండ కోసం పరుగు; ఇక్కడ మబ్బు కోసం చూపు. లేమి రూపం వేరైనా దాని స్వభావం ఒక్కటే. ఒకనాడు ఆ వాడలో నేలనుండి ఒక ధార ఎగజిమ్ముతుంది. నీరని అందరూ సంబరపడతారు. తీరా చూస్తే అది పెట్రోలియం! నీటి ఊట అయితే ఆ నేల బీదలకే మిగిలేది. చమురు ఊట కావడంతో ధనికుడు పోలీసులను వెంటబెట్టుకొని వస్తాడు. అప్పుడు దివినుండి వచ్చిన ఒక పావురం మహిమతో పోలీసు అధికారి ఆజ్ఞ ఇవ్వబోయి గొంతెత్తి పాట పాడతాడు. ప్రేక్షకులు విరగబడి నవ్వుతారు. కానీ అధికారం అనే గంభీరమైన ముసుగు ఆ నవ్వులోనే జారిపోతుంది.

కోరినదల్లా ఇచ్చే పావురం టోటోకు దక్కితే, కోరినదల్లా ఇచ్చే ప్రతిమ తోటమాలి కొడుకైన తోటరామునికి దక్కింది. రాకుమారిని పెండ్లాడాలంటే రాజుతో సమానమైన సంపద తెమ్మన్నందున రాముడు మేడను కోరాడు. మిలాను బీదలు వెచ్చని కోటులు, రేడియోలు కోరారు. ఒకరినొకరు ప్రేమించిన నల్లజాతి యువకుడూ తెల్లజాతి యువతీ పరస్పరం తెలియకుండా ఎదుటివారి వర్ణాన్ని వరంగా పొంది, మళ్లీ దూరమైపోతారు. ఇక్కడి నవ్వు వెంటనే గొంతుకు అడ్డుపడుతుంది. మనిషి కోరికలను బట్టి అతనికి ఏది నిరాకరింపబడిందో తెలుస్తుంది. లోకాన్ని గడగడలాడించే నేపాళ మాంత్రికుడు రాకుమారి మెప్పుకోసం తన శక్తికి మూలమైన గడ్డాన్ని తానే తీయించుకోవడం కూడా ఇటువంటిదే. వ్యామోహం ఎంతటివాని బలాన్నయినా హరిస్తుందన్న నీతి, నవ్వు వెనుక నిలిచి పలుకుతుంది.

అసంబద్ధ హాస్యానికీ ఒక క్రమం ఉంటుంది. ఒక్క అసాధ్యాన్ని అంగీకరించిన తరువాత మిగిలినదంతా తర్కబద్ధంగానే సాగుతుంది. ఈ రహస్యం తెలుగు పల్లెలకు కొత్తకాదు. అనంతపురం జిల్లాలో ఉండి, 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన నిమ్మలకుంట తోలుబొమ్మల తయారీకి పేరుపొందింది. తోలుబొమ్మలాటలో రామాయణ కథ నడుమ బంగారక్క, జుట్టుపోలిగాడు ప్రవేశించి పొంతనలేని మాటలతో నవ్విస్తారు. కథకు సంబంధం లేనట్లు కనిపించే ఆ మాటలలోనే ఊరిలోని కరవూ, అప్పూ, పెద్దల దర్పమూ తొంగిచూస్తాయి. ఎదుట అనరానిది బొమ్మ చేత అనిపించడమే ఆ హాస్యం చేసే మేలు.

ఆనాటి ఉత్సవంలో 'బైసికిల్ థీవ్స్' చూసి ప్రేరణ పొందిన బిమల్ రాయ్, భూమి కోల్పోయే రైతు గాథగా 'దో బీఘా జమీన్' (1953) నిర్మించారు. కన్నీటి చిత్రం చూపిన ప్రభావం ఇలా స్పష్టంగా కనిపిస్తుంది. నవ్వుల చిత్రం ప్రభావం అంత తేలికగా కంటికి ఆనదు. అది ప్రేక్షకుని చూపులో చేరుతుంది. చలనచిత్రోత్సవంలో పరభాషా చిత్రం చూసేవాడు మొదట తెలియనితనాన్ని ఓపికతో భరించాలి. నవ్వు వచ్చినప్పుడు నవ్వాలి. నవ్విన తరువాత దేనికి నవ్వామని తన్ను తాను ప్రశ్నించుకోవాలి.

'మిరకిల్ ఇన్ మిలాన్' చివర బీదలందరూ చీపుళ్లెక్కి నగరం మీదుగా ఎగిరిపోతారు. భూమి మీద వారికి చోటు లేకపోవడమే ఆ వింతకు కారణం. కనుక ఆ ముగింపు వాస్తవం నుండి పలాయనం కాదు, వాస్తవంపై చేసిన ఫిర్యాదు. నవ్వు వాన కురిపించదు, అప్పు తీర్చదు. కానీ కష్టాన్ని విధిగా భావించి తలవంచిన మనిషిని, ఇది ఇలాగే ఉండవలసిన పని లేదని ఒక్క క్షణం తల ఎత్తి చూసేటట్లు చేస్తుంది. ఎండిన నేలలోనూ ఊట కోసం తవ్వే చేతికి ఆ క్షణమే బలం.

ప్రశ్నలు

1. అనంతపురం పీఠభూమిలో వర్షపాతం తక్కువగా ఉండటానికి కారణాలేవి?
2. తోటరాముడు, మిలాను బీదలు కోరిన కోరికలను పోల్చి, వాటి అంతరార్థాన్ని వివరించండి.
3. "అసంబద్ధ హాస్యానికీ ఒక క్రమం ఉంటుంది" – పాఠం ఆధారంగా సమర్థించండి.
4. మీ ప్రాంతపు జానపద కళలలోని హాస్యపాత్రను గురించి పది వాక్యాలు రాయండి.