తల్లియు, బిడ్డయు, పిట్టయు

ఇటలీలోని ఫ్లారెన్సు నగరమున, ఉఫీజీ చిత్రశాలలో, రాఫేలు సుమారు 1506లో రచించిన మరియమాత చిత్రము కలదు. దాని ప్రతిని తరగతిలో చూపి, ఇందేమి యున్నదని మేమడిగితిమి. “తల్లి, పిల్లలు, పిట్ట” అని బాలురు బదులిచ్చిరి.

వారు చూచినది నిజమే. మరియ చేత గ్రంథము కలదు. ఆమె మోకాళ్ల నడుమ నిలిచిన బాలయేసు, యోహాను పట్టుకొన్న గోల్డ్‌ఫించ్ అను పిట్ట తల నిమురుచున్నాడు. ఆ జాతి పిట్ట మొగము ఎఱ్ఱన. ముండ్లకిరీటము నుండి ముల్లును లాగినపుడు యేసు రక్తము చింది ఆ ఎఱుపు కలిగెనని క్రైస్తవుల ఐతిహ్యము. కావున ఆ పిట్ట రాబోవు సిలువ శ్రమలకు సంకేతము. ఇది యెఱిగినవారికి ఆ పసివాని ఆట గుండెను కలచును.

16వ శతాబ్ది నడుమ, ఈ చిత్రమున్న యిల్లు కూలగా, చెక్కపై వ్రాసిన ఆ పటము తునుకలయ్యెను. వానిని చేర్చి అతికిరి. దీర్ఘకాలము సాగిన కడపటి మరమ్మతు 2008లో ముగిసెను.

అతికినవారు పటమును కాపాడిరి. కథ చెప్పినవారు దాని అర్థమును కాపాడిరి. చెప్పువారు లేనిచో పిట్ట వట్టి పిట్టయే. మన యింటి భాషలోని మాటలును ఇట్టివే. పాఠశాల అక్షరములు నేర్పగలదు. వాని వెనుకనున్న కథలను, దినమునకు కొంతసేపైనను బిడ్డల చెంత కూర్చుండి, మీరే చెప్పవలెనని తల్లిదండ్రులను కోరుచున్నాము.