తరుసేవ – ఋతుధర్మం

పాఠ్యభాగ ఉద్దేశం

చెట్లను నాటడం గురించి ప్రచారం విస్తృతంగా జరుగుతున్నది. నాటిన చెట్టును కాపాడడం, అందుకోసం ఆ చెట్టెక్కే మనిషిని కాపాడడం అనే విషయాలు అంతగా ప్రచారానికి నోచుకోలేదు. ఋతువుల స్వభావాన్ని అనుసరించి చెట్ల పోషణను సురక్షితంగా నిర్వహించే విధానాన్ని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి హైదరాబాదు నగరాన్ని ముంచెత్తింది. వేలాది జనం ప్రాణాలు కోల్పోయిన ఆనాడు అఫ్జల్‌గంజ్ ప్రాంతంలోని ఒక చింతచెట్టు కొమ్మలను ఆశ్రయించి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకొన్నారు. ఉస్మానియా ఆసుపత్రి ప్రాంగణంలోని ఆ వృక్షాన్ని నగరవాసులు గౌరవంతో స్మరిస్తారు. అంతమంది బరువును, ప్రవాహపు ఒరవడిని తట్టుకొన్నదంటే దాని వేరు ఎంత గట్టిదో, కొమ్మ ఎంత చేవగలదో ఊహించవచ్చు. ఆరోగ్యవంతమైన చెట్టు మనిషికి ఆశ్రయం. అదే చెట్టు లోపల డొల్లయి, ఎండుకొమ్మలను మోస్తూ నిలిచి ఉంటే బాటసారికి ప్రాణాపాయం. ఈ రెండు స్థితుల మధ్య ఉన్న అంతరం పేరే పోషణ.

చెట్టును ప్రాణిగా భావించి చికిత్స చేయడం భారతీయులకు కొత్త కాదు. వరాహమిహిరుడు తన బృహత్సంహితలో వృక్షాయుర్వేదానికి ఒక అధ్యాయాన్ని కేటాయించాడు. సురపాలుడు వృక్షాయుర్వేదం అనే పేరుతో ప్రత్యేక గ్రంథమే రచించి, చెట్ల వ్యాధులను వాత పిత్త కఫ దోషాల దృష్టితో వివరించాడు. వైద్యునికి కాలజ్ఞానం ఎంత ముఖ్యమో చెట్లకు సేవ చేసేవానికీ అంతే ముఖ్యం. ఏ ఋతువులో ఏ పని చేయాలో తెలియకపోతే చెట్టుకూ హాని, చెట్టెక్కిన మనిషికీ హాని.

కాలంతో మారని నియమాలు

తాడిచెట్టెక్కే గీత కార్మికుడు మోకు లేకుండా చెట్టుపై అడుగు పెట్టడు. నడుమును, చెట్టు బోదెను కలిపి చుట్టే ఆ మోకే అతనికి ఆధారం. అయినప్పటికీ పట్టు తప్పి ప్రాణాలు కోల్పోయినవారు, వెన్ను విరిగి మంచాన పడినవారు పల్లెల్లో ఎందరో ఉన్నారు. ఈ విషాదాన్ని నివారించే ఉద్దేశంతోనే తెలంగాణ ప్రభుత్వం 2024 జూలైలో ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరిట రక్షణ తాళ్ళు, పట్టీలు గల పరికరాల పంపిణీని ప్రారంభించింది.

తాటికి వర్తించే సూత్రమే వేపకూ, మామిడికీ వర్తిస్తుంది. పాదం నేలను విడిచిన క్షణం మొదలు తిరిగి నేలను తాకే వరకు మనిషి చెట్టుకు కట్టబడి ఉండాలి. తాడు కట్టిన కొమ్మ, కోయబోయే కొమ్మ ఒకటి కారాదు. కూర్చున్న కొమ్మనే నరుక్కొన్న కాళిదాసు కథ విని నవ్వనివారు లేరు. తన తాడు ఏ కొమ్మకు కట్టి ఉన్నదో చూసుకోకుండా రంపం పట్టేవాడు చేసే పని కూడా అదే.

తలకు హెల్మెట్టు, కళ్ళకు అద్దాలు, కాళ్ళకు జారని బూట్లు తప్పనిసరి. ఒంటరిగా చెట్టెక్కరాదు. క్రింద మరొకరు నిలిచి, కొమ్మ పడే చోటికి ఎవరినీ రానీయకుండా తాడు కట్టి కాపలా ఉండాలి. రంపాన్ని చేత పట్టుకొని ఎక్కకుండా, పైకి చేరిన తరువాత తాడుతో లాక్కోవాలి. ఎక్కబోయే ముందు చెట్టును ఒకసారి చుట్టి రావాలి. కందిరీగల గూడు, తేనెపట్టు, తొర్రలో పాము, ఆకుల మాటున కరెంటు తీగ – ఇవన్నీ నేలమీద నుండి చూడవలసినవే. పైకి వెళ్ళిన తరువాత కనబడితే తప్పించుకొనే దారి ఉండదు.

శిశిరం: కోతకు అనువైన కాలం

మాఘ ఫాల్గుణ మాసాలలో రావి, వేప, నిద్రగన్నేరు వంటి చెట్లు ఆకు రాలుస్తాయి. అప్పుడు కొమ్మల అమరిక మొత్తం కంటికి కనిపిస్తుంది. ఏది ఎండినదో, ఏది మరొకదానితో రాచుకొంటున్నదో, ఏ పంగలో చీలిక ఏర్పడిందో సులభంగా గుర్తించవచ్చు. నేల గట్టిగా, బెరడు పొడిగా, ఎండ మితంగా ఉంటాయి. నీడనిచ్చే చెట్ల కొమ్మలు కత్తిరించడానికి ఇంతకంటే మంచి సమయం లేదు.

పెద్దకొమ్మను ఒక్క కోతతో తీయబూనడం సర్వసాధారణమైన పొరపాటు. సగం తెగిన కొమ్మ తన బరువుకు తానే విరిగి, బోదె మీది బెరడును నిలువునా చీల్చుకొంటూ జారుతుంది. బోదెను ఆనుకొని ఉన్న మనిషిని ఆ కొమ్మ ఈడ్చివేయగలదు. దీనికి పరిష్కారం మూడు కోతల పద్ధతి. మొదటి కోతను బోదెకు సుమారు 30 సెంటీమీటర్ల దూరంలో, కొమ్మ అడుగు భాగం నుండి పైకి, మందంలో మూడవ వంతు వరకు వేయాలి. రెండవ కోతను దానికి కొంచెం వెలుపలగా పైనుండి క్రిందికి వేయాలి. కొమ్మ ఆ రెండు కోతల మధ్యనే విరిగి పడుతుంది. మొదటి కోత చీలికను బోదె వరకు రానీయదు. మిగిలిన మోడును మూడవ కోతతో తీసివేయాలి.

ఈ మూడవ కోతలోనే చెట్టు భవిష్యత్తు ఉన్నది. కొమ్మ బోదెను కలిసే చోట ఉంగరం వలె ఉబ్బెత్తుగా ఒక భాగం ఉంటుంది. అది కొమ్మకు మెడ వంటిది. అమెరికా అటవీశాఖకు చెందిన శాస్త్రవేత్త ఆలెక్స్ షైగో 20వ శతాబ్ది ఉత్తరార్ధంలో వేలాది దుంగలను చీల్చి పరిశీలించి, చెట్టు తన గాయాన్ని మనిషి శరీరం వలె మాన్పుకోదని, దాని చుట్టూ గోడలు కట్టుకొని కుళ్ళును బంధిస్తుందని నిరూపించాడు. ఆ గోడ కట్టే శక్తి ఎక్కువగా ఈ మెడలోనే ఉన్నది. బోదెకు సమంగా చెక్కివేస్తే ఆ గోడ కూలుతుంది. పొడవుగా మోడు మిగిల్చితే అది ఎండి, కుళ్ళి, పుచ్చుకు ద్వారం తెరుస్తుంది. మెడకు వెలుపల, మెడకు తగలకుండా కోయడమే సరియైన పద్ధతి. నేడు తప్పుగా వేసిన కోత పదేళ్ళ తరువాత డొల్ల కొమ్మై, దాన్ని నమ్మి ఎక్కిన మరొకని ప్రాణం మీదికి వస్తుంది.

వసంత గ్రీష్మాలు: ఎండ, పిడుగు

వసంతంలో చెట్టు తన నిలువ ఆహారాన్ని వెచ్చించి చిగుళ్ళు తొడుగుతుంది. పక్షులు గూళ్ళు కట్టుకొంటాయి. ప్రమాదకరమైన ఎండుకొమ్మలను తీయడం మినహా పెద్ద కోతలను ఆ కాలంలో మానుకోవాలి.

గ్రీష్మంలో ఎండ శత్రువు. వడదెబ్బ నేలమీద ఉన్నవానికి వ్యాధి. కొమ్మ మీద ఉన్నవానికి అది పతనం. కళ్ళు తిరగడం, వాంతి వచ్చినట్లుండడం, మాట తడబడడం కనిపించిన వెంటనే పని ఆపి మనిషిని దింపి, నీడకు చేర్చి ఒళ్ళు తడపాలి. పని తెల్లవారుజామున మొదలై ఎండ ముదరకముందే ముగియాలి. దాహం వేసే వరకు ఆగకుండా మజ్జిగ, ఉప్పు కలిపిన నీరు తాగుతూ ఉండాలి.

మధ్యాహ్నం దాటిన తరువాత వీచే ఈదురుగాలులు, పిడుగులు మరొక ప్రమాదం. మెరుపు కనిపించిన 30 సెకన్లలోపు ఉరుము వినిపిస్తే పిడుగు పది కిలోమీటర్ల లోపలే ఉన్నదని అర్థం. తక్షణమే చెట్టు దిగి, చెట్టు క్రింద నిలువక, పక్కా కట్టడంలోకి చేరాలి. చివరి ఉరుము తరువాత 30 నిమిషాలు గడిచే వరకు పని తిరిగి ప్రారంభించరాదు.

మామిడి విషయం కొంత ప్రత్యేకం. కాపు దిగిన వెంటనే, జూన్ జూలై నెలల్లో, ఎండుపుల్లలను, గుబురుగా అల్లుకొన్న కొమ్మలను తీసివేయడం రైతులకు అలవాటు. వర్షాలు ముదరకముందే, పొడిగా ఉన్న రోజు చూసి ఆ పని పూర్తిచేసుకోవాలి.

వర్షర్తువు: చెట్టెక్కని కాలం

శ్రావణ భాద్రపదాలలో బెరడు మీద పాచి పేరుకొంటుంది. తడిసిన తాడు ముడి బిగిసి విప్పడానికి రాదు. నానిన నేలలో వేరు పట్టు సడలుతుంది. నీరు పీల్చిన కొమ్మ బరువెక్కుతుంది. ఈ కాలంలో పెద్దచెట్లు ఎక్కకపోవడమే ఉత్తమం. నేలమీద చేయవలసిన పని ఎంతో ఉన్నది. లేతమొక్కలకు ఊతకర్రలు సరిచేయడం, బోదెలోకి దిగబడుతున్న ఇనుప కంచెలను, తీగలను విప్పడం, పాదులలో నీరు నిలువకుండా చూడడం వంటివి ఆ కోవకు చెందినవి.

తడి కాలంలో విద్యుత్తు ప్రమాదం రెట్టింపవుతుంది. పచ్చికొమ్మ, తడిసిన వెదురు నిచ్చెన కూడా విద్యుత్తును ప్రసరింపజేస్తాయి. 11 కిలోవోల్టుల తీగను తాకనవసరం లేదు. దగ్గరకు చేరినా చాలు, విద్యుత్తు దూకగలదు. తీగల సమీపంలోని కొమ్మలు కోయడం విద్యుత్ సిబ్బంది బాధ్యత. వారైనా ఉపకేంద్రం నుండి ‘లైన్ క్లియర్’ తీసుకొని, తీగలను భూమికి కలిపిన తరువాతనే పని మొదలుపెట్టాలి. కరెంటు పోయింది కదా అని తీగను నమ్మరాదు. ఏ ఇంటి జనరేటరు నుండో ఆ తీగలోకి విద్యుత్తు తిరిగి ప్రవహించే అవకాశం ఉన్నది.

శరత్తు: తుపాను తరువాత

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటింది. పచ్చదనానికి పేరుపొందిన ఆ నగరంలో లెక్కకు మిక్కిలిగా చెట్లు కూలి వీధులను మూసివేశాయి. ఇటువంటి వేళ దారులు తెరవాలన్న తొందర సహజం. కానీ చెట్టు పనిలో అత్యంత ప్రమాదకరమైన ఘట్టం ఇదే.

కూలిన చెట్టు నిర్జీవంగా కనిపిస్తుంది. దానిలో మాత్రం బలం అణగి ఉంటుంది. మరొక చెట్టు క్రింద వంగి నొక్కుకొన్న కొమ్మ ఎక్కుపెట్టిన వింటి వంటిది. తప్పు వైపున కోస్తే అది ఎగిసి ముఖానికి కొడుతుంది. వేళ్ళతో సహా ఒరిగిన చెట్టు బోదెను కోయగానే, బరువు తగ్గిన వేరుమట్టి పెళ్ళ గోతిలోకి తిరిగి లేచి కూర్చుంటుంది. ఆ గోతిలో నిలిచినవారు దాని క్రింద చిక్కుకొంటారు. విరిగి పైన చిక్కుకొన్న కొమ్మ ఏ క్షణానైనా జారవచ్చు. అందువల్ల మొదట తీగలలో విద్యుత్తు లేదని నిర్ధారించుకోవాలి. పిమ్మట పైన వేలాడుతున్నదేమిటో చూడాలి. ఆ తరువాతనే రంపం ఎత్తాలి. మోటారు రంపాన్ని అలవాటు లేనివారు, అలసినవారు, చీకటిలో ఎవరైనాసరే వాడరాదు.

హేమంతం: పరీక్షా కాలం

చెట్లు కూలడానికి తుపానే రానవసరం లేదు. మహబూబ్‌నగర్ సమీపంలో ఎకరాల కొలది విస్తరించిన పిల్లలమర్రి సుమారు ఏడు శతాబ్దాల నాటిదని ప్రతీతి. 2017 డిసెంబరులో ఆ మహావృక్షపు పెద్దకొమ్మ ఒకటి కూలింది. చెదలు దానిని లోలోపల తొలిచివేశాయి. సందర్శకుల ప్రవేశాన్ని నిలిపివేసి, 2018లో అటవీశాఖ అధికారులు రోగికి సెలైను ఎక్కించినట్లు సీసాల ద్వారా చుక్కలు చుక్కలుగా చెదల మందును చెట్టుకు ఎక్కించారు. వాలిన కొమ్మలకు ఆధారంగా కట్టడాలు నిర్మించారు.

ఈ ఉదంతం హేమంతంలో చేయవలసిన పనిని సూచిస్తుంది. అది పరీక్ష. బోదె మొదట పుట్టగొడుగులు మొలిచాయా, బెరడు మీద చెదల మట్టిబాటలు ఉన్నాయా, కర్రతో తట్టితే డొల్ల శబ్దం వస్తున్నదా, ఒకవైపు నేల ఉబికిందా అని చూడాలి. గుర్తించిన లోపాలను వ్రాసి ఉంచుకొంటే శిశిరంలో చేయవలసిన పనికి అదే పట్టిక అవుతుంది. ఉదయం మంచు తడి ఆరిన తరువాతనే నిచ్చెన వేయాలి.

ముగింపు

చెట్టును పూర్తిగా తొలగించవలసి వస్తే ప్రభుత్వ అనుమతి అవసరం. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం ఈ విషయాన్ని నిర్దేశించింది. అయితే సకాలంలో పోషణ జరిగిన చెట్టును నరకవలసిన అవసరం అరుదుగా కలుగుతుంది. హేమంతంలో చూడవలసినది చూడక, శిశిరంలో తీయవలసిన కొమ్మ తీయక వదిలివేస్తే, ఆ పని శరత్తులో తుపాను మరునాడు తడి రాత్రివేళ చేయవలసి వస్తుంది. ఆ రాత్రి రంపం పట్టేది రోజుకూలీకి వచ్చిన ఒక నిరుపేద. అతని కోసం ఇంటివద్ద ఎదురుచూసేవారు ఉంటారు. చెట్టును కాలమెరిగి సేవించడమంటే ఆ మనిషిని క్షేమంగా ఇంటికి పంపడమే.

పదాలు – అర్థాలు

బోదె = చెట్టు మొదలు భాగం, కాండం
మోకు = చెట్టెక్కడానికి వాడే లావుపాటి తాడు
చేవ = కర్రలోని గట్టిదనం, సారం
పంగ = రెండు కొమ్మలు చీలే చోటు
మోడు = కొమ్మ కోయగా మిగిలిన ముక్క
ప్రతీతి = లోకంలో చెప్పుకొనే మాట

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధానాలు వ్రాయండి.
1. ఋతువులను అనుసరించి చెట్ల పోషణలో పాటించవలసిన జాగ్రత్తలను వివరించండి.
2. తుపాను తరువాత చెట్లు తొలగించే పని ఎందుకు ప్రమాదకరమో విశ్లేషించండి.

ఆ) సంగ్రహ సమాధానాలు వ్రాయండి.
1. మూడు కోతల పద్ధతి వల్ల చెట్టుకు, మనిషికి కలిగే మేలు ఏమిటి?
2. పిల్లలమర్రి ఉదంతం ఏ పాఠాన్ని నేర్పుతున్నది?

ఇ) ఏకవాక్య సమాధానాలు వ్రాయండి.
1. వృక్షాయుర్వేదం అనే గ్రంథాన్ని రచించినదెవరు?
2. చివరి ఉరుము తరువాత ఎంతసేపు ఆగాలి?

వ్యాకరణాంశాలు

సంధులు
వృక్షాయుర్వేదం = వృక్ష + ఆయుర్వేదం – సవర్ణదీర్ఘ సంధి
ప్రాణాపాయం = ప్రాణ + అపాయం – సవర్ణదీర్ఘ సంధి
చెట్టెక్కు = చెట్టు + ఎక్కు – ఉకార సంధి

సమాసాలు
మహావృక్షం = గొప్పదైన వృక్షం – విశేషణ పూర్వపద కర్మధారయం
తరుసేవ = తరువు యొక్క సేవ – షష్ఠీ తత్పురుషం
వసంత గ్రీష్మాలు = వసంతమును, గ్రీష్మమును – ద్వంద్వ సమాసం