దయచేసి అని రాయకు చెల్లె

ఈసారి ముచ్చట సుద్దముక్కతోటి మొదలుపెడత. నేను పన్జేసేది సూర్యాపేటకు ఇవతల ఒక తండ బళ్లె. పోయిన వానకాలం నా టేబుల్ మీది డబ్బల సుద్దముక్కలు రోజుకు రెండు మూడు మాయమైతుండె. పిల్లలే ఎత్కపోతున్నరని ఇద్దర్ని గద్దించిన గూడ. ఒకనాడు పగటీలి బువ్వ ఏళ, మూడో తరగతి పిల్ల వాళ్ల అమ్మ వచ్చింది. మోకాళ్ల దాంక బురద, నాటు మడిల నుంచి నేరుగ వచ్చింది. కడుపు ఏడో నెల. మాట్లాడుకుంట మాట్లాడుకుంట చెయ్యి డబ్బ మీదికి పోయింది. నేను చూసిన్నని తెలిసి సిగ్గుపడి నవ్వింది. "ఒక్కటి తీస్కుంట మేడమ్, నోరు అడుగుతున్నది" అన్నది. బిడ్డె అమ్మ కోసం ఎత్కపోతున్నదన్నట్టు.

మనల ఎంతమందిమి అట్ల పచ్చి బియ్యం బుక్కలే, గోడ మట్టి నాకలే? కడుపుతోటి ఉన్నప్పుడు నేను బలపం తిన్న. మా అత్తమ్మ "కడుపుల పిల్ల అడుగుతున్నదిలే" అని నవ్వేది. అడిగేది పిల్ల గాదు, తల్లి ఒంట్ల లేని రక్తం. ఏఎన్ఎమ్మును పిలిపించి వేలు గుచ్చిపిస్తె ఆమెకు ఏడున్నది. పదకొండు ఉండాలె. తెలంగాణల కడుపుతోటి ఉన్న ఆడోళ్లల నూటికి 53 మందికి రక్తం తక్కువని 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. అంటె మన వాడకట్టుల ఇల్లు విడిచి ఇల్లు.

మరి నాట్లకెందుకు పోతవే అంటె, నా దిక్కు చూసిన చూపు నేను మర్వలేదు. నాటు కూలి 500. నాకు కాన్పప్పుడు 180 రోజులు సెలవిచ్చిండ్రు, జీతం ఎక్కడికీ పోలేదు. అదే ఊరు, అదే బడి, ఇద్దరం ఆడోళ్లమే. నేను ఏసీ బస్సుల అమ్మగారింటికి పోయిన, ఆమె ఒంగి నాటేస్తున్నది.

అంగన్‌వాడీల బువ్వ పెడ్తరు గద అంటరు. పెడ్తరు, కాదనను. 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద రోజు ఒక గుడ్డు, గిలాసెడు పాలు, పప్పు, కూర. కాని అది పగటీలి అక్కడికి పోయి కూసుండి తినాలె. నాట్లప్పుడు ఆమె పొద్దున ఆరింటికి ఆటో ఎక్కితె దిగేది పొద్దుగూకినంకనే. ఇగ గుడ్డు ఎవరు తినాలె? ఇంటికి మోసుకొస్తే అది పెద్ద పిల్లలకు బోతది, ఏ తల్లి చెయ్యి ఊకుంటది చెప్పుండ్రి.

సరే, ఆ తల్లి గట్టెక్కింది. సూర్యాపేట పెద్ద దవాఖానల రక్తమెక్కించి దసరా ముందట కాన్పు చేసిండ్రు, ఆడపిల్ల. 2019ల మెడికల్ కాలేజి వచ్చినంక మనకు ఆ మాత్రం ఆసరా దొరికింది. అంతకు ముందైతె "హైదరాబాద్ తీస్కపోండ్రి" అనేది, 135 కిలోమీటర్లు, సగం కాన్పులు చౌటుప్పల్ కాడ బండ్లనే అయ్యేటివని మా అమ్మ ఎచ్చులకు చెప్తుంటది. కాని ఆమెకు పైసలు రాలే. కేసీఆర్ కిట్టు తెలుసు గద, 2017 జూన్‌ల మొదలైంది, మగపిల్లోడైతె 12 వేలు, ఆడపిల్లైతె 13 వేలు, నాలుగు తడువలుగ అని పెట్టిండ్రు. అదీ రెండు కాన్పులకే ఉండె. ఈమెకిది మూడోది.

ఈ ముచ్చట మా ఇంట్ల ఆదివారం నడిచింది. మిర్యాలగూడ నుంచి మా చిన్నమ్మ వచ్చింది, కోదాడ నుంచి మా చెల్లె. ఇద్దరూ రెండు రకాల మనుషులు. చెల్లెకు ఇంకా దాని కాన్పు మంటనే ఉన్నది. కోదాడలనే ఒక ప్రైవేటు దవాఖానల, పేరెందుకులే, తొమ్మిదో నెల పడంగనే డాక్టరమ్మ అడిగిన మొదటి మాట "ముహూర్తం పెట్టించుకున్నరా?" అని. నొప్పులొస్తయేమో అని మా చెల్లె అంటె, "ఎందుకమ్మ ఆ తిప్పలు" అన్నదట. కుట్ల నొప్పి నెల రోజులు, బిల్లు అప్పు రెండేండ్లు. ప్రైవేటుల 100 కాన్పులైతె 80కి మీదనే పెద్దాపరేషన్లని అదే సర్వే లెక్క. రాష్ట్రం మొత్తం మీద 60 దాటింది. చూసిండ్రా, ఒకామెకు అవసరమున్న రక్తం దొరకది, ఇంకొకామెకు అక్కెర లేని కత్తి దొరుకుతది. ఇద్దరి మాటా వినెటోళ్లు లేరు. నర్సులకే మంత్రసాని పని పూర్తిగ నేర్పి మామూలు కాన్పులు చేయించాలని 2017ల ఫెర్నాండెజ్ ఫౌండేషన్ తోటి కలిసి మన సర్కారు మొదలుపెట్టింది. అసొంటి నర్సమ్మ ఒక్కతి పక్కనుంటె మా చెల్లె కథ వేరేగుండు.

చిన్నమ్మ ముచ్చట ఇంకో తీరు. ఆమె బిడ్డ అట్లాంటల ఉంటది. పురుడు పొయ్యడానికని పోయి ఆరు నెలలుండి వచ్చింది. అమెరికా అంటె అంతా అద్దాలే అనుకుని పోయిందట. అక్కడ దవాఖానల ఒక నల్లజాతి నర్సమ్మ దోస్తయిందట ఈమెకు. ఒకరి భాష ఒకరికి రాదు, ఆవకాయ కారం మీద కుదిరింది. ఆ నర్సమ్మ చెప్పింది తన బిడ్డ తర్జుమా చేస్తె చిన్నమ్మ విన్న కథ ఇది. షాలన్ అర్వింగ్ అని ఒకామె, అట్లాంటల ఉన్న సీడీసీలనే, అంటె ఆ దేశమంతటి రోగాల లెక్కలు చూసే ఆఫీసులనే, శాస్త్రవేత్త. ఎంత చదువు! 2017 జనవరిల బిడ్డను కన్నది. కన్నంక బీపీ పెరుగుతున్నది, కాలు వాస్తున్నది, ఏదో తేడగున్నదని మళ్ల మళ్ల పోయి చూపించుకున్నది. చూపించుకున్నప్పుడల్ల ఇంటికి పంపిండ్రు. చివరిసారి గోలీలు రాసి పంపిన నాడు రాత్రే పడిపోయింది. పిల్లకు మూడు వారాలు.

"అంత చదువుకున్నామె మాటనే వినలేదంటె, మన లంబాడామె మాట ఎవరు వింటరే" అన్నది చిన్నమ్మ.

నేను కొంత చదివిన దీని గురించి. అమెరికల 2021ల లక్ష కాన్పులకు తెల్ల తల్లులు 26 మంది దాంక పోతె, నల్ల తల్లులు 70 మంది దగ్గర పోయిండ్రు. పైసలున్నా చదువున్నా ఆ తేడా పోతలేదు. అయితె నాకు నచ్చిందేందంటె, వాళ్లు ఏడ్చి ఊకోలేదు. షాలన్ తోటి చదువుకున్న లారెన్ అండర్‌వుడ్ అని ఒకామె, ఆమె గూడ నర్సే, ఎన్నికై పార్లమెంటుకు పోయింది. ఆల్మా ఆడమ్స్ అనే ఇంకొకామెతోటి 2019 ఏప్రిల్‌ల నల్ల తల్లుల ఆరోగ్యం కోసమని సభ్యులను కూడగట్టింది. 2020ల కమలా హారిస్‌ను కలుపుకొని తొమ్మిది బిల్లులు ఒక్క మూటగ కట్టి సభల పెట్టిండ్రు. అదంతా ఒక్కపారి చట్టమైతదా? కాలే. మూటల నుంచి ఒక్కటి, మిలిటరీల పన్జేసిన తల్లుల కోసం పెట్టినది, 2021 నవంబర్ 30న సంతకమైంది. మిగిలినయి సభ మారినప్పుడల్ల మళ్ల పెడుతనే ఉన్నరు. ఈ మొండితనం నాకు మన కష్టజీవుల మొండితనం లెక్కనే అనిపించింది.

ఇంకో సంగతి చెప్తె నవ్వుతరు. వాళ్లు నల్ల తల్లుల వారం అని జరుపుకునేది ఏప్రిల్ 11 నుంచి. మన దేశంల కస్తూర్బా పుట్టిన రోజని 2003 నుంచి సురక్షిత మాతృత్వ దినం జరిపేది గూడ ఏప్రిల్ 11నే. మనం ఆ రోజు ఏం చేస్తం? ఫ్లెక్సీ కడ్తం, పండ్లు పంచుతం, ఫొటో దిగుతం.

ఇగ అసలు మాటకొస్త. చట్టం మనకు లేదా అంటె ఉన్నది. ఇది చాన మందికి తెల్వది. బియ్యం కార్డు గురించి మాట్లాడుకునే ఆహార భద్రత చట్టం, 2013ది, దాంట్ల నాలుగో సెక్షన్ కడుపుతోటి ఉన్నోళ్లకు, బాలింతలకు. సర్కారు నౌకరీల ఉన్నోళ్లను, ఇంకో చట్టం కింద పొందేటోళ్లను పక్కన పెట్టి, ప్రతి తల్లికి 6000కు తక్కువ గాకుండ ఇయ్యాలని రాసి ఉన్నది. ఎన్నో కాన్పు అని అండ్ల లేదు. లేనే లేదు, నేను రెండుసార్లు చదివిన. మరి పథకాలల ఎక్కడి నుంచి వచ్చింది ఈ లెక్క? దానికంటె ముందు 2010ల ఇందిరాగాంధి మాతృత్వ సహయోగ్ యోజన అని తెచ్చిండ్రు. దేశంల యాభై పైచిలుకు జిల్లాలల పరీక్షగ పెడ్తె, ఉమ్మడి రాష్ట్రంల దొరికినయి రెండే జిల్లాలు, పశ్చిమ గోదావరి, మన నల్లగొండ. అప్పుడు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ అన్నీ నల్లగొండే గద. అంటె దేశంల ఈ పథకం ముందుగాల చూసినోళ్లల మనమూ ఉన్నం. నాలుగు వేలు, 19 ఏండ్లు నిండాలె, రెండు కాన్పులే. చట్టమొచ్చినంక 2017ల ప్రధానమంత్రి పేరు మీద ఇంకోటి వచ్చింది. చట్టంల 6000 ఉంటె ఇండ్ల 5000, అదీ మొదటి కాన్పుకే. తర్వాత రెండోది ఆడపిల్లైతె ఇస్తమన్నరు. మా తండ తల్లి ఏ జల్లెడల పోసినా కిందికే జారింది.

పద్దెనిమిదేండ్లకే పెండ్లి చేసి, మగపిల్లోడు కావాలని మూడోది, నాలుగోది కనమనేది ఎవరు? ఇంట్ల పెద్దలు. పైసలు ఆపేది ఎవరికి? కన్నామెకు. రక్తం తక్కువైతున్నది గూడ మూడో కాన్పు కాన్నే ఎక్కువ. ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లనే తీసేసే లెక్క ఇది. దీన్ని తయారు చేసినాయనకు ఎన్నడూ నీళ్లాడలేదని నాకు గట్టి నమ్మకం.

అంబేద్కర్ సారు 1928 జులైల బొంబాయి సభల కూలి ఆడోళ్ల కాన్పు సెలవు బిల్లు మీద మాట్లాడిండు. కాన్పుకు ముందు, ఎనక తల్లికి విశ్రాంతి దొరికితె లాభం దేశానికి, గాబట్టి దాని బరువు ఎక్కువ సర్కారే మొయ్యాలె అని ఆయన వాదన. మరుసటేడు అది చట్టమైంది, ఫ్యాక్టరీలల పన్జేసేటోళ్ల వరకు. దాదాపు వందేండ్లయితున్నది. నాటు మడి ఇంకా ఫ్యాక్టరీ కాలే.

తమిళోళ్లు పైసలు, కిట్లు కలిపి 18 వేల దాంక ఇస్తరు. ఆ పథకానికి పెట్టిన పేరు ముత్తులక్ష్మి రెడ్డిది, బ్రిటిష్ ఇండియాల శాసనసభల కూసున్న మొదటి ఆడామె, అందులో డాక్టరు. మన దిక్కు నుంచి గూడ పోలేదా సభకు? తెలంగాణ సాయుధ పోరాటంల తుపాకి పట్టిన మల్లు స్వరాజ్యం తుంగతుర్తి నుంచి 1978ల, 1983ల గెలిచి పోయింది. ఆ పోరాటానికి ముందు పచ్చి బాలింతలను గూడ వెట్టికి గుంజుకపోయేటోళ్లని, పాలకేడ్చే పిల్లను గట్టున పండవెట్టి నాటేసేటోళ్లని మా నాయినమ్మ చెప్పేది. దొర పోయిండు. గట్టు మీద పిల్ల మాత్రం ఇప్పటికీ ఉన్నది. యాసంగి నాట్లు మొదలైనయి, మూడు నెలల ఆ పిల్ల చీరె ఉయ్యాలల తుమ్మచెట్టు కింద ఊగుతున్నది. నేను కండ్లార చూసిన.

అందుకే ఆ ఆదివారం దరఖాస్తు రాద్దామని కూసున్నం. తండ తల్లిని గూడ పిలిచినం, చిన్నదాన్ని సంకనేసుకొని వచ్చింది. మా చెల్లె చేతిరాత ముత్యాల్లెక్క ఉంటది, దానికే కాగితమిచ్చిన. రాసింది: "గౌరవనీయులైన శాసనసభ్యుల వారికి, నమస్కరించి వ్రాయునది. మేము మిక్కిలి పేదవారము. కావున తమరు దయచేసి..."

"ఆపు" అన్న. "దయచేసి అని రాయకు చెల్లె."

"మరేం రాయాలె? దరఖాస్తంటె గట్లనే రాస్తరు గదక్క!"

"2013 చట్టం, నాలుగో సెక్షన్ ప్రకారం రావాలె, రాలే, ఎందుకు రాలే అని రాయి. రెండు కాన్పుల షరతు తీసెయ్యాలని సభల అడగమని రాయి. నాట్లప్పుడు అంగన్‌వాడి గుడ్డు పొద్దున్నే ఇయ్యాలని రాయి."

చిన్నమ్మ అడ్డం పడ్డది. "కోపం చేస్తరే. పెద్దోళ్లు. ఒక్క దయచేసి ఉంటె నీదేం పోతది?" కొట్టేసినం, మళ్ల రాసినం, మళ్ల కొట్టేసినం. కాగితం మురికైంది. మర్యాద వేరు, బతిమిలాడుడు వేరని నేను, ఊరంటె నీకు తెల్వదని ఆమె. ఇంతల తండ తల్లి, అప్పటిదాంక నోరు మెదపనామె, "మేడమ్, ఆరు వేలంటె ఎన్ని నాట్లు?" అని అడిగింది.

"పన్నెండు" అన్నది చెల్లె.

ఆమె పిల్లను ఇంకో సంకకు మార్చుకున్నది. "పన్నెండు రోజులు ఇంటికాడ పండుకుంటనా అయితె" అని నవ్వింది. నాకున్న 180 రోజుల సెలవు యాదికొచ్చి నేను నవ్వలేకపోయిన. చెల్లె కొత్త కాగితం తీసుకున్నది. ఈసారి రాసింది: "పన్నెండు నాట్ల కూలి మాకు చట్టం ప్రకారం రావలసి ఉన్నది." ఆరు వేలని అంకెల గూడ రాయమన్న, రాసింది. ఎమ్మెల్యేకు ఒకటి, సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిల ఇయ్యడానికి ఒకటి. కోదాడకు ఇప్పుడు ఆడ ఎమ్మెల్యేనే గద, అక్కడ ఇచ్చే కాగితం నాది అన్నది చెల్లె. మిర్యాలగూడది చిన్నమ్మ మీదేసుకున్నది, "పోయినంక ఏం మాట్లాడాల్నో చిట్టి రాసియ్యి" అనుకుంట.

తండ తల్లి సంతకం చేసింది. బిడ్డె నేర్పిందట, అక్షరాలు పెద్దగ, గీత దాటి పోయినయి. పెన్ను మూత పెట్టి ఇచ్చుకుంట అడిగింది, "సోమవారమంటె నాటున్నది మేడమ్. ఆ రోజు కూలి పోతది. ఇంకోనాడు పెట్టరా ఆ ప్రజావాణి?"