ఇంజనునకు తగిన సంపీడనము

పై తరగతుల బాలురకు మోటారు సైకిళ్లయందు మక్కువ మెండు. బండికి బలము చాలదనియు, ఇంజను విప్పించి కంప్రెషన్ పెంచవలెననియు వారు ఇంట పట్టుపట్టుట పలువురు తల్లిదండ్రులు ఎరిగినదే. వలదని కసరుటకంటె, వారితో కూర్చుండి లెక్క వేయుట మేలని మా తలంపు.

పిస్టన్ అడుగునకు దిగినప్పుడు సిలిండరులో నుండు మొత్తము చోటును, అది పైకి చేరినప్పుడు మిగులు చోటుతో భాగింపగా వచ్చునదే సంపీడన నిష్పత్తి. రాయల్ ఎన్‌ఫీల్డు వారి 346 ఘన సెంటీమీటర్ల బుల్లెట్టును ఉదాహరణముగా గైకొందము. దాని సిలిండరు వ్యాసము 70 మిల్లీమీటర్లు. పిస్టన్ కదలు దూరము 90 మిల్లీమీటర్లు. ఇంజనును గేరుపెట్టెను ఒక్కటిగా కూర్చిన తరము బండ్లలో ఈ నిష్పత్తి 8.5. అనగా పైన మిగులు చోటు సుమారు 46 ఘన సెంటీమీటర్లు. నిష్పత్తిని 9.5కు పెంచవలెనన్న ఆ చోటు 41కి తగ్గవలెను. సిలిండరు వైశాల్యముతో లెక్కించిన ఇది దాదాపు 1.4 మిల్లీమీటర్ల ఎత్తు మాత్రమే!

ఇంత స్వల్పమైన మార్పువలన లాభమెంత? నాలుగు స్ట్రోకుల ఇంజనును 1876లో నికొలాస్ ఓటో నిర్మించెను. ఆయన పేరిట నున్న సూత్రము ప్రకారము, 8.5 వద్ద ఇంధనపు వేడిలో నూటికి 57.5 పాళ్లును, 9.5 వద్ద 59.4 పాళ్లును, 10.5 వద్ద 61 పాళ్లును పనిగా మారును. అనగా మొదటి మెట్టున బలము నూటికి మూడు వంతులు మాత్రమే పెరుగును. పై మెట్లలో లాభము ఇంకను సన్నగిల్లును. నిజమైన ఇంజనులో దక్కునది ఈ లెక్కకును తక్కువే.

ఇక నష్టము చూతము. గాలిని అదిమినకొలది అది వేడెక్కును. మితిమీరినచో, ప్లగ్గునుండి బయలుదేరిన మంట చేరకమునుపే మూలనున్న మిశ్రమము తనంతట భగ్గుమనును. అప్పుడు సుత్తితో కొట్టినట్టి చప్పుడు వినవచ్చును. ఇది కొనసాగినచో పిస్టన్ తల గుంటలు పడును, రింగుల గట్లు విరుగును, తుదకు పిస్టన్‌కు రంధ్రము పడును. పరుగులో పిస్టన్ బిగిసినచో వెనుక చక్రము ఆగి, నడుపువాడు పడిపోవు ప్రమాదము కలదు.

ఈ పోటును తట్టుకొను శక్తిని ఆక్టేను సంఖ్య తెలుపును. మన బంకులలో సాధారణ పెట్రోలునకు ఇది మునుపు కనీసము 91గా నుండెను. ఎక్కువ ఆక్టేను గల పెట్రోలు తనంతట బలము నీయదు. అధిక సంపీడనమును ఓర్చుకొనుటకు మాత్రమే తోడ్పడును. వెనుకటి కాలమున ఇందులకు సీసము కలిపెడివారు. మన దేశమున 2000లో అది ఆగిపోయెను.

నీటితో చల్లబడు ఇంజను గాలితో చల్లబడుదానికంటె ఎక్కువ నిష్పత్తిని ఓర్చును. లోపలి వాల్వు ఆలస్యముగా మూయు క్యామ్ వేసినను కొంత వెసులుబాటు కలుగును. ఏలన పిస్టన్ పైకి లేచునపుడు కొంత మిశ్రమము వెనుకకు పోవును. కాని అట్టి బండి నెమ్మదిగా పోవునపుడు లాగజాలదు. ఊరి వీధులలో తిరుగువారికి అది తగదు.

అదే కంపెనీవారి తరువాతి 349 ఘన సెంటీమీటర్ల ఇంజనులో నిష్పత్తి 9.5 కదా యని బాలుడు అడుగవచ్చును. నిజమే. అయితే దాని దహన గది, ఇంధనపు సరఫరా, మండించు వేళ అన్నియు ఆ అంకెకే కూర్చబడినవి. పాత ఇంజనులో అంకె నొక్కదానినే మార్చుట తగదు.

కావున నిత్యము తిరుగు, గాలితో చల్లబడు బండికి కంపెనీ నిర్ణయించిన నిష్పత్తియే శ్రేయస్కరము. మార్చియే తీరవలెనన్నచో హెడ్డులోని చోటును బ్యురెట్టుతో నూనె పోసి కొలువవలెను, వాల్వులకును పిస్టన్‌కును నడుమ ఎడము చూడవలెను, ఊహతో అరగదీయింపరాదు. ఈ లెక్కకు పదవ తరగతిలో నేర్చిన స్థూపపు ఘనపరిమాణము చాలును. మీ బాలునిచేత ముందు దానిని కాగితముపై చేయింపుడు. అటుపిమ్మట షెడ్డునకు పోవలెనా యను ప్రశ్నకు వాడే బదులు చెప్పగలడు.