దీపము నిలుపవలసిన చోటు

ఆర్మూరు,
మాఘ మాసము.

చిరంజీవి మేనల్లునికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరము చేరినది. ఈ లగ్గముల కాలమున ఊపిరి సలుపని పనిలో ఉండియు నన్ను జ్ఞాపకముంచుకొని వ్రాసినందుకు మిక్కిలి సంతోషించితిని. కెమెరా నెత్తిమీదనుండి ఫ్లాషును దించి స్టాండున కెక్కించితిననియు, దానికి తోడుగా రెండవదానిని గూడ కొని రేడియో ట్రిగ్గరుతో వెలిగించుచున్నాననియు, అయినను పెండ్లికూతురి మోము మునుపటివలెనే తెల్లగా, చదునుగా వచ్చుచున్నదనియు వ్రాసి, మూడవ ఫ్లాషు కొనవచ్చునా యని అడిగితివి. వలదు. ఉన్న రెండింటిలో ఒకదానిని గూడ కొన్నాళ్లు పెట్టెలో నుంచుము. ఫ్లాషును కెమెరానుండి వేరుచేసినవానికి లభించునది వెలుగు వచ్చు దిక్కును తానే నిర్ణయించుకొను స్వాతంత్ర్యము. దిక్కుతోబాటు నీడయు పుట్టును గనుక, ఆ నీడ ఎచ్చట పడవలెనో గూడ నిర్ణయించు బాధ్యత వానిదే యగును. నీవు రెండు ఫ్లాషులను వధూవరుల కిరువైపుల సమానముగా నిలిపి, ఒకదాని నీడను మరియొకదానితో చెరిపివేయుచున్నావు. చదునుదనమునకు కారణమదియే.

ఇందుకొక అభ్యాసము చెప్పెదను. మన ఊరిలో ఈ మాసమున పసుపునకు కొదువ లేదు; తన పేరుతోనే ఒక పసుపు రకమును గలిగిన ఊరు మనది. తవ్వి, ఉడికించి, ఎండబెట్టి, పాలిషు పట్టిన కాడిని, అనగా పసుపు కొమ్మును, ఒకదానిని తెచ్చి, రాత్రివేళ గదిలో నల్లని గుడ్డపై నుంచుము. మొదట ఫ్లాషును కెమెరా ప్రక్కనే పెట్టి తీయుము: పసుపుపచ్చని ముక్క యొకటి కనబడును, అంతే. పిదప ఫ్లాషును కాడికి ప్రక్కగా, దాదాపు బల్లయెత్తునకు దించి తీయుము: కణుపు కణుపునకు ఒక సన్నని నీడ యేర్పడి, కాడి గుండ్రదనము, దాని గరుకు, పాలిషు పట్టినచోట మెరుపు, అన్నియు వేరువేరుగా తెలియును. మూడవసారి ఫ్లాషును కాడి వెనుకకు జరిపి, దాని వెలుగు నేరుగా కటకములో పడకుండ అట్టముక్క అడ్డము పెట్టి తీయుము: కాడి నల్లబడి, అంచు మాత్రము బంగారు గీతవలె నిలుచును. వస్తువు ఒక్కటే, ఫ్లాషు ఒక్కటే, మారినది అది నిలిచిన చోటు. ఈ మూడు చిత్రములను ప్రక్కప్రక్కన పెట్టుకొని చూచినవానికి, పట్టుచీర జరీని, కాసులపేరును, అవ్వ ముఖమందలి ముడుతలను ఏ దిక్కునుండి వెలిగింపవలెనో మరియొకరు చెప్పనక్కరలేదు.

ఇక మంటపము సంగతి. అచ్చట నీకు రెండు వెలుగులున్నవి: ఫంక్షను హాలువారు వెలిగించినది ఒకటి, నీవు తెచ్చినది ఒకటి. ఫ్లాషు వెలుగు క్షణికము గనుక షట్టరు వేగము, సింకు హద్దు దాటనంతవరకు, దానిని మార్చలేదు. హాలు వెలుగును మాత్రము పెంచును, తగ్గించును. ఎపర్చరు రెండింటిని శాసించును. కావున ఫ్లాషు ఆర్పియుంచి, హాలు వెలుగుతో ఒక చిత్రము తీసి, పూలతోరణములు, దీపపు సెమ్మెలు కంటికి కనబడుదానికన్న కొంచెము మసకగా ఉండునట్లు షట్టరును సరిచూచుకొని, ఆ పిమ్మటనే ఫ్లాషు వెలిగించి, దాని పవరును ముఖములకు చాలినంత మాత్రమే పెట్టుము. మన కరెంటు 50 హెర్ట్జ్ గనుక చౌకరకపు ఎల్‌ఈడీ దీపములు సెకనుకు 100 మారులు కొట్టుకొనును. వేగమైన షట్టరుతో తీసిన చిత్రముపై అడ్డచారలు పడుటకు కారణమిదియే. అట్టిచోట షట్టరును 1/100 లేక 1/50 సెకను వద్దనే ఉంచుము.

దూరమును గూర్చిన సూత్రము నీవు బడిలో చదివినదే: దూరము రెట్టింపైనచో వెలుగు నాలుగవ వంతగును. సాఫ్ట్‌బాక్సును వధువునకు 4 అడుగులలో నిలిపినచో, ఆ సాఫ్ట్‌బాక్సునుండి 16 అడుగుల దూరమున వెనుకనున్న తెరపై అందులో పదునారవ వంతు మాత్రమే పడి, ఆమె యొక్కతెయే వెలుగులో నిలుచును. బంధువులను రెండు వరుసలుగా నిలిపినపుడు అదే దగ్గరితనము దోషమగును; ముందువారు 4 అడుగులలో, వెనుకవారు 6 అడుగులలో నున్నచో వెనుకవారికి సగముకన్న తక్కువ వెలుగు చేరును. స్టాండును 10 అడుగులకు జరుపుము. అప్పుడు వెనుక వరుసకు నూటికి సుమారు 70 వంతులు దక్కును. మేనత్తలు వెనుక వరుసలో నల్లబడిరను నింద నీకు రాదు.

ఈ క్షణికమైన వెలుగునకు గూడ ఒక చరిత్ర గలదు. మన హైదరాబాదు సంస్థానమున ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాను ఆదరణ పొందిన ఛాయాచిత్రకారుడు రాజా దీన్ దయాళు (1844–1905) కాలమున సూర్యుడే ప్రధాన దీపము. 1887లో జర్మనీలో మెగ్నీషియము పొడి కలిపిన ఫ్లాషు మందు వచ్చినది గాని, దాని పొగయు, మంటయు పెండ్లి పందిరికి తగినవి గావు. 1930లలో అమెరికాలో హెరాల్డ్ ఎడ్జర్టన్ విద్యుత్ ఫ్లాషుతో పాలచుక్క పడి కిరీటమువలె ఎగయు క్షణమును నిలిపినపుడు, కంటికందని వేగమును గూడ వెలుగు పట్టగలదని లోకమునకు తెలిసినది. మన పెండ్లిలో ఆ పాలచుక్కకు సాటి తలంబ్రాలు. ఫ్లాషును పూర్తి పవరున వెలిగింపక 1/16కు తగ్గించినచో దాని మెరుపు సెకనులో కొన్నివేలవ వంతునకు కుదించుకొనిపోవును. దానిని వధూవరుల వెనుక, తలలకన్న ఎత్తున, ఒక ప్రక్కకు నిలుపుము. దోసిట విడిచిన పసుపుబియ్యము గాలిలో గింజగింజగా ఆగి వెలుగును. ముందునుండి వెలిగించినచో ఆ గింజలే తెరమీది పూలలో కలిసిపోవును.

జీలకర్రబెల్లము వేళ మరియొక జాగ్రత్త వలయును. ఇరువురును చేతులు చాచి ఒకరి తలపై నొకరు ఉంచుదురు గనుక, దీపము మిక్కిలి ఎత్తుననున్నచో ఆ చేతుల నీడ సరిగా కన్నులపై పడును. ముహూర్తమునకు ముందే స్టాండును దించి, కూర్చున్నవారి కంటిమట్టమునకు ఒక జానెడు మాత్రమే పైన, అడ్డుతెర దిగినపిమ్మట ఇరువురి ముఖములకు చేరునట్లు నిలిపియుంచుము. తెర ఎప్పుడు తీయించెదరో, కొంగుముడి ఏ ప్రక్క వేసెదరో పురోహితుని ముందుగానే వినయముగా అడిగి తెలిసికొనుము. ఆయన మంత్రము చదువుచుండగా ఆయన కన్నులలో ఫ్లాషు కొట్టుట అపచారము. కండ్లద్దములు పెట్టుకొన్న తాతలకు దీపమును ఇంకను ప్రక్కకు జరిపినచో అద్దములలో మెరుపు తొలగిపోవును.

పసుపు పూయు వేడుకలో రంగే చిక్కు. పచ్చని చీరలు, పచ్చని పందిరిబట్ట, ముఖములనిండ పసుపు. ఇంత పచ్చదనమును చూచి కెమెరా బెదరి, ఆటో వైట్ బ్యాలెన్సులో నీలిమను కలుపును. దానిని 5500 కెల్విను దగ్గర స్థిరపరచి ఫ్లాషును వాడుము. రంగుల షామియానాకు కొట్టి వెలుగును తిరిగి రప్పించుకొనవలదు. బట్ట రంగు ముఖమునకెక్కును. రాత్రి పచ్చబల్బుల క్రింద ఫ్లాషుకు నారింజ జెల్ తొడిగి, వైట్ బ్యాలెన్సును గూడ బల్బులవైపు తగ్గించినచో ముఖము, పందిరి ఒకే కాలమునకు చెందినట్లుండును.

బరాత్‌లో షట్టరును 1/8కి తగ్గించి, ఫ్లాషును రెండవ కర్టెనుకు మార్చుము. డప్పుకు ఆడు పిల్లల వెనుక దీపముల జాడ పారి, చివర ఫ్లాషు మెరసినపుడు వారి రూపము స్పష్టముగా నిలుచును. కాని మన ఊరు 44వ, 63వ జాతీయ రహదారులు కలియు చోటు. లారీ డ్రైవరు కంటికిగాని, ఊరేగింపు గుర్రము కంటికిగాని దీపము త్రిప్పవలదు.

వీడియోవారు సన్‌గన్ వెలిగించినపుడు వారితో కలహింపకుము. అది ఏ దిక్కున నుండునో ముందే మాట్లాడుకొని, దానినే నీ రెండవ దీపముగా లెక్కించుకొనుము. స్టాండు కాలిపై ఇసుకసంచి లేనిదే ఎక్కడను నిలుపకుము. పందిరిలో పిల్లలు పరుగెత్తుదురు. లైటు పట్టు పిల్లవానికి నీకన్న ముందు భోజనము పెట్టించుము. వాని చేయి వణకినచో నీ నీడ వణకును.

మన ప్రక్కనున్న కోరుట్లలో పుట్టి, ఛాయాచిత్రకళలో దేశమంతట పేరుగాంచిన బండి రాజన్ బాబు (1939–2011) గారి చిత్రములు దొరకినపుడెల్ల చూడుము. చూచునప్పుడు కెమెరా ఏదని అడుగక, వెలుగు ఏ ప్రక్కనుండి వచ్చినది, నీడలో ఏమి దాగినది అని అడుగుము. ఈ రెండు ప్రశ్నలకు సమాధానము చెప్పగలిగిన దినమున మూడవ ఫ్లాషును నేనే కొనిపెట్టెదను.

రాబోవు లగ్గములో ఒక్క ఫ్లాషుతోనే పని జరుపుము. ఆల్బమునకు ఎంచిన చిత్రములు నాకు పంపునపుడు, ప్రతిదానికి వధూవరులు ఎచ్చట నుండిరో, దీపము ఎచ్చట నిలిపితివో, ఎన్ని అడుగుల దూరమో కాగితముపై చిన్న గీతలతో గీసి జతచేయుము. చిత్రముకన్న ముందు ఆ కాగితమును చూచెదను. అక్కయ్యకు, బావగారికి నా నమస్కారములు తెలుపుము.

ఇట్లు,
శుభాకాంక్షి,
నీ మేనమామ.