నోటి మూలలు పగిలితే వేడి అనుకోకండి

మిర్చి కోతల రోజుల్లో నోటి మూలలు పగిలి, నాలుక మండుతూ వచ్చే తల్లులు "వేడి చేసిందమ్మా" అంటారు. కారం మంట పెంచుతుంది గాని, తరచు అసలు లోపం బి2 విటమిను, అంటే రైబోఫ్లేవిన్. కణంలోని మైటోకాండ్రియా కొవ్వును కాల్చి శక్తినిస్తుంది. ఆ పనికి మొదటి మెట్టులోనే బి2తో తయారయ్యే ఎఫ్.ఎ.డి. అనే పదార్థం కావాలి. బి2 లేని మేత పెట్టిన ఎలుకల కాలేయం కొవ్వును సరిగా కాల్చలేకపోయింది. పొయ్యిలో కట్టెలున్నా అగ్గిపుల్ల లేనట్లే.

పాలు, పెరుగు, గుడ్డు, కాలేయం, ఆకుకూరలు తినండి. గేదె పాలన్నీ కేంద్రంలో పోసేసి, ఇంట్లో కాఫీకి మాత్రం ఉంచుకుంటే ఎలా? పాలు ఎండలో పెట్టకండి, వెలుతురుకు బి2 పాడవుతుంది. అన్నం వార్చిన గంజి పారబోస్తే అందులోనూ కొంత పోతుంది. ఇనుము తక్కువైనా మూలలు ఇలాగే పగులుతాయి కనుక, రెండు వారాల్లో తగ్గకపోతే రక్తపరీక్ష చేయించుకోండి.